నూకన్న ఐసు లెక్క

మా దీవిలో, ఈ డాలీగంజ్‌లో విమానమెక్కే ప్రతివాడూ ముందు నూకన్న కొట్టుకి వెళ్తాడు. అవతలి ఒడ్డున చుట్టాలు ఎదురుచూసేది మన కోసం కాదనీ, మన చేతిలోని వంజరం చేప కోసమనీ మాకందరికీ తెలుసు. ఆ చేపని ఫ్రీజర్‌లో గడ్డకట్టించి, థర్మాకోల్ పెట్టెలో ఐసు పోసి, టేపు చుట్టి ఇవ్వడం నూకన్న పని. ముప్పై ఏళ్లుగా అదే. తనెప్పుడూ విమానం ఎక్కలేదు గానీ, విమానాల సంగతి పైలట్లకి కూడా చెప్పగలడు.

విశాఖ ఎంత దూరమని అడిగితే పదిహేను గంటల ఐసు అంటాడు. టికెట్టు మీద రెండు గంటల అయిదు నిమిషాలని ఉంటుంది. క్యూలో నిలబెట్టడం, గాలి బాగోలేదని సగం దారిలోంచి వెనక్కి తేవడం, నేరుగా పోయే విమానమని చెప్పి చెన్నైలో దింపేయడం, పెట్టె వేరే ఊరికి పోవడం, అన్నీ కలిపితే నూకన్న లెక్క. బ్యాంకు ఉద్యోగి యుగంధర్ ఒకసారి ఫోనులో పన్నెండు వందల కిలోమీటర్లే అని చూపించి, బరువని సగం ఐసు తీయించేశాడు. విమానం మర్నాడు వెళ్లింది. ఆ పెట్టె విప్పాక అత్తారింట్లో అతన్ని మంచినీళ్లు కావాలా అని అడిగినవాళ్లు లేరు. అప్పట్నుంచి నూకన్న మాట మాకు వేదం.

"ఐసు ఝూట్ చెప్పదు భయ్యా," అనేవాడు ధీమాగా.

ఆ లెక్కే భీమిలికి కోడలిగా వెళ్లిన అక్క మహాలక్ష్మమ్మకీ చెప్పేవాడు. రమ్మని ఆమె ఏటా ఫోను చేసేది. అంత దూరం, పదిహేను గంటలు, కొట్టెవరు చూస్తారని ఏటా ఇతనిది ఒకటే పాట. బావ పోయినప్పుడూ అదే పాట పాడాడు. మాకెవరికీ నచ్చలేదు. చేపలు కావలసినవాళ్లం, నోరు మూసుకున్నాం.

ఈ మార్చిలో ఆమెకి కంటి ఆపరేషన్ అయింది. ఈసారి తమ్ముడు రాకపోతే ఇక జన్మలో ఫోను చేయనంది. నూకన్నకి నిజంగా భయం వేసింది. పొద్దున పదిన్నర విమానానికి టికెట్టు తీశాడు. అక్క కోసం వంజరాన్ని రెండు రోజులు ఫ్రీజర్‌లో ఉంచి, ఇరవై గంటలకి సరిపడా ఐసు పోశాడు. ఏ అర్ధరాత్రో అవుతుంది, కాచుకుని కూర్చోవద్దని ఆమెకి ఫోను చేసి మరీ బయల్దేరాడు.

ఆ దిక్కుమాలిన విమానం టైముకి లేచింది. టైముకి దిగింది. పెట్టె అందరికంటే ముందు వచ్చింది. రెండింటికల్లా నూకన్న భీమిలిలో అక్క గుమ్మంలో ఉన్నాడు.

ఆమె సంతోషం అంతా ఇంతా కాదు. అప్పటికప్పుడు పులుసు పెడతానని పెట్టె విప్పించింది. చేప మీద కత్తి దిగలేదు. రోటి మీద కొడితే రోలు ఖంగుమంది. చేసేది లేక గుడ్డు అట్టేసి అన్నం పెట్టింది. ఆ తర్వాతి ముక్క నూకన్న మాకు చెప్పలేదు. ఆమే మా ఆవిడకి ఫోనులో చెప్పింది.

అన్నం తింటుంటే ఎన్నింటికి బయల్దేరావని అడిగిందట. పదిన్నరకి అన్నాడట. ఆమె నల్ల కళ్లద్దాలు పైకెత్తి గోడ గడియారం చూసింది. కరగని చేపని చూసింది.

"రెండు గంటలేనేట్రా తమ్ముడూ?" అందట. "ఆ రోజు మీ బావని సాయంత్రం దాకా ఐసులో ఉంచినాను, నువ్వొస్తావేమోనని."