తంబాకు అంటని చెయ్యి

కచుంబర్ కలిపే ముందు కుడిచేతి వేళ్లు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసుకోవడం నాకు అలవాటు. కామారెడ్డిలో మా వంటింటి నిండా గరిటెలూ చెంచాలూ ఉన్నాయి, వాటితో కలుపుకోవచ్చు కదా అని మా కోడలు ప్రతిసారీ అంటుంది. ఆమె దాన్ని సలాడ్ అంటుంది, ఎవరు ఏ పేరుతో పిలిచినా నాకు అభ్యంతరం లేదు గానీ చెంచా మాత్రం ముట్టనివ్వను. నిమ్మరసం, పచ్చి ఉల్లిగడ్డ, పెనం మీద వేగిన పెద్దకూర, ఈ మూడు వాసనలూ కలిసి లేచేసరికి నేను ఎల్లారెడ్డిలో, మూలమూలనా దూది పేరుకున్న మా పాత పెంకుటింట్లో ఉంటాను.

మేము దూదేకులవాళ్లం. బాపు పరుపులు, బొంతలు కుట్టేవాడు. దూదేకే విల్లు భుజాన వేసుకుని రామారెడ్డి, మాచారెడ్డి దాకా ఊర్లు తిరిగి, కనుబొమల మీదా మీసాల మీదా తెల్లగా దూది పట్టి ముసలివాడిలా ఇల్లు చేరేవాడు, నాలుగు చెంబులు నెత్తిన పోసుకున్నాక మళ్లీ పడుచువాడయ్యేవాడు. బాపును కన్నతల్లి, మా అవ్వ, వంట చూసేది. అమ్మ బీడీలు చేసేది. పొద్దున వాకిలి ఊడ్చింది మొదలు పొద్దు వాలేదాకా ఒళ్లో చాట, చాటలో కత్తిరించిన తునికాకు, ఓ పక్కన తంబాకు కుప్ప, మాట్లాడుతూనే, నన్ను కసురుతూనే, కొన్నిసార్లు కునుకుతూనే ఆమె వేళ్లు ఆకును చుట్టి, దారం బిగించి, మూతిని గోటితో మడిచి నొక్కేవి. చూడకుండా చేసేది. నా బతుకులో అంత నేర్పు ఉన్న చేతుల్ని ఇంకెక్కడా చూడలేదు.

కానీ ఆ చేతులకో శాపం ఉండేది. తంబాకు చేదు వాటిని వదిలేది కాదు. సబ్బు పెట్టినా, బూడిదతో తోమినా, చింతపండు రుద్దినా అన్నం కలిపితే అన్నం చేదయ్యేది. అమ్మ ఆ చేదు తిండే రోజూ తినేది, ముఖంలో ఏమీ కనిపించనిచ్చేది కాదు. నాకు మాత్రం ఏనాడూ తన చేతితో ముద్ద పెట్టలేదు. ఊహ తెలిసినప్పటి నుంచి నాకు ముద్దలు పెట్టింది అవ్వే. పక్కింటి పిల్లలకు వాళ్ల అమ్మలు గోరుముద్దలు పెడుతుంటే చూసి, మా అమ్మకు నేనంటే ఇష్టం లేదనే అనుకునేదాన్ని.

చలికాలం అంగడికి ముల్లంగి, క్యారట్, లేత కొత్తిమీర దిగేసరికి మా ఇంట్లో కచుంబర్ రోజులు మొదలయ్యేవి. బాపు ఎముక లేని పెద్దకూర, అంటే గొడ్డుమాంసం, తెచ్చేవాడు. అవ్వ దాన్ని అల్లం, ఎల్లిగడ్డ, పసుపు, ఉప్పు వేసి కట్టెల పొయ్యి మీద గంటలకొద్దీ ఉడకనిచ్చి, ఆ నీళ్లలో మిరియాలు దంచి వేసి శోర్వా అని మా గిన్నెల్లో పోసేది, చలికి వణుకుతూ ఊదుకుంటూ తాగేవాళ్లం. చల్లారిన ముక్కల్ని రోట్లో రెండు పోట్లు పొడిచి, పోగులు పోగులుగా చీల్చి, పెనం మీద అంచులు కరకరలాడేదాకా వేయించేది. ఈలోగా అమ్మ కత్తిపీట ముందు కూర్చుని కూరగాయలు తరిగేది, ఆమె చేతి చేదు పోయేలా వాటిని ఆ తర్వాత రెండుసార్లు కడిగేవాళ్లం. ఉల్లిగడ్డ, టమాట, ముల్లంగి, క్యారట్, ఉడికిన ఆలుగడ్డ, గుప్పెడు శనగలు, పుదీనా, పచ్చిమిరపకాయ. కీరదోసకాయ తొడిమ కోసి, ఆ ముక్కతోనే కాయను గుండ్రంగా రుద్ది తెల్లటి నురగ రప్పించి చేదు తీసే పని అవ్వది. అన్నీ పెద్ద బేసిన్లో పడ్డాక నిమ్మకాయలు పిండి, వేయించిన జీలకర్ర చల్లి, చేత్తో కలపాలి. గరిటెతో కలిపితే పోగులకు పులుపు పట్టదని, పిసికితే టమాట నీళ్లు కారుతుందని, వేళ్ల కొసలతో పైకి ఎత్తుతూ వదలాలని అవ్వ సూత్రం. జొన్నరొట్టెలో పెట్టుకుని తింటే కడుపు నిండినా చెయ్యి ఆగేది కాదు.

నేను ఏడో తరగతిలో ఉన్న ఏడు అవ్వ వేళ్లు వంకర్లు పోయి, గిన్నె కూడా పట్టుకోలేకపోయింది. రామారెడ్డి నుంచి మేనత్తా మామా వచ్చిన రోజున అమ్మ బేసిన్ నా ముందుకు జరిపి, అందరూ వినేలా చెప్పింది.

"అవ్వ తర్వాత ఇంట్ల తంబాకు అంటని ఆడచెయ్యి గీ పిల్లదొక్కటే. ఇదే కలుపుతది."

ఆ మాట అంటున్నప్పుడు అమ్మ ముఖంలో ఎంత గర్వం ఉందో ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. నేను మాత్రం చేతులు వెనక్కి దాచుకున్నాను. ఎందుకంటే నెల రోజులుగా నేను మధ్యాహ్నం బడి ఎగ్గొట్టి, వెనకవీధి సత్తెమ్మక్క అరుగు మీద బీడీలు చుట్టడం నేర్చుకుంటున్నాను. లెక్కల పంతులంటే భయం, అరుగు మీద పాటలంటే ఇష్టం. నా ఈడు ఆడపిల్లలు ఒక్కొక్కరూ సొంత చాట పెట్టుకుని పెద్దమనుషుల్లా కూర్చుంటే, నేను కచ్చకాయలాడే పిల్లగా మిగిలిపోయానని కుళ్లు. రోజూ ఇంటికొచ్చేముందు బోరింగు దగ్గర సబ్బుతో చేతులు తోముకునేదాన్ని. ఆ రోజు కూడా తోముకున్నాను, పోయిందనే అనుకున్నాను. మూతి మడిచే గోటి కింద తంబాకు ఇరుక్కుంటుందని, నిమ్మరసం దాన్ని బయటికి లాగుతుందని నాకు తెలియదు. చెప్పేస్తే బాగుండేది. కలిపేశాను.

మొదటి ముద్దకే మామ నీళ్లు తాగాడు. మేనత్త, పాపం, కీర చేదు వచ్చినట్టుందని మెల్లగా అంది. అవ్వ వెంటనే అందుకుని, అవును, తన వేళ్లు సాగక నురగ సరిగా తీయలేదని తప్పు తన మీద వేసుకుంది. నేను ఊపిరి పీల్చుకున్నాను. అప్పుడు అమ్మ ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది. కీర చేదు నాలుక మీదే ఆగిపోతుంది, తంబాకు చేదు గొంతులో గీరుతుంది. ఆ తేడా ఆ ఇంట్లో ఆమెకొక్కదానికే తెలుసు. ఆమె నా ముఖం వైపు చూడలేదు, నా గోళ్ల వైపు చూసింది. తర్వాత లేచి చుట్టాలకు కోడిగుడ్లు పొరటు చేసి రొట్టెల్లో వేసి, బేసిన్ తన ముందుకు లాక్కుంది. పారెయ్యరాదా అని బాపు అంటే, "నాకు అలవాటే" అని తినసాగింది. ఆ రెండు మాటలు విని నేను దూది మూటల వెనక్కి పోయి ఏడ్చాను.

మర్నాడు చుట్టాలు బస్సెక్కాక అమ్మ నన్ను గడపలో కూర్చోబెట్టుకుని, ఆకు కోసే కత్తెరతో నా పది గోళ్లూ చర్మం దాకా కత్తిరించింది. కొడుతుందనుకున్నాను, కొట్టలేదు.

"నా చేతితోని నీకు ఒక్క ముద్ద పెట్టలే, బిడ్డా," అంది తల ఎత్తకుండా. "నీ పిల్లలకు నువ్వు పెట్టాలె."

అదే రోజు నన్ను బడికి తీసుకుపోయి, చాట పట్టుకుని బడి గోడ నీడన కూర్చుంది. సాయంత్రం గంట కొట్టేదాకా అక్కడే బీడీలు చుట్టింది. ఒక రోజు కాదు, ఆ చలికాలమంతా. పిల్లలు నవ్వితే నాకు సిగ్గుతో చచ్చినంత పనయ్యేది. లెక్క రాక కిటికీలోంచి చూస్తే ఆ వేళ్లు ఆగకుండా కదులుతూ కనిపించేవి, మళ్లీ పుస్తకం మీదికి వంగేదాన్ని. నేను పంతులమ్మనయ్యానంటే ఆ గోడ నీడ వల్లే.

నాకు ఉద్యోగం వచ్చాక అమ్మ చాట వదిలింది. వదిలిన వెంటనే వంట ముట్టలేదు. ఒక ఎండాకాలం, ఒక వానాకాలం పోనిచ్చింది. చలికాలం ముల్లంగి రాగానే ఒకరోజు ఎవరికీ చెప్పకుండా బేసిన్ ముందేసుకుని, వేళ్ల కొసలతో ఎత్తుతూ వదులుతూ, అవ్వ కలిపినట్టే కలిపింది. అప్పటికి అవ్వ లేదు. నా కొడుకు నా చంకలో ఉన్నాడు, వాడికే పెడుతుందనుకున్నాను. రొట్టె ముక్కలో చుట్టిన ముద్ద నా నోటి దగ్గరికి వచ్చింది. ఇరవై ఎనిమిదేళ్లకు మా అమ్మ చేతి ముద్ద తిన్నాను.

"చేదుగున్నదా?" అని అడిగింది.

లేదని తల అడ్డంగా ఊపాను. నమ్మలేక తన వేళ్లు తనే వాసన చూసుకుంది.

ఇప్పుడు ఎల్లారెడ్డిలో ఆ పెంకుటిల్లు లేదు, దూదేకే విల్లు చప్పుడు లేదు, పరుపులు దుకాణాల్లో ప్లాస్టిక్ సంచుల్లో వస్తున్నాయి. సత్తెమ్మక్క అరుగున్న చోట సెల్‌ఫోన్లు బాగుచేస్తున్నారు. అమ్మ పోయి ఆరేళ్లయింది. నిన్న కచుంబర్ కలిపి మనవరాలికి ముద్ద అందిస్తే, అది తినే ముందు నా వేళ్లు వాసన చూసి, నువ్వు చూస్తావు కదా, ఏముంటుందని అడిగింది. ఏమీ లేదు, నిమ్మకాయ వాసనే అన్నాను. ఉన్నది కూడా అంతే.