ముప్పై ఏళ్ళు విప్పని మేజోళ్ళు

చెప్పులు కుట్టే నాయనమ్మ మనుషుల్ని కాళ్ళ దగ్గర్నుంచి చూసేది. మొహం తర్వాత, తీరికుంటే. కొట్టుకి ఎవరొచ్చినా నేల మీద అట్ట పరిచి, "కాలు పెట్టు" అని, పాదం చుట్టూ పెన్సిలుతో గీత గీసి, ఆరా మొదలుపెట్టేది. "ఈ బొటనవేలు అమ్మదా, నాన్నదా? తాత మడమ కూడా ఇంతేనా?" జవాబు ఆ అట్ట మీదే రాసుకునేది, సగం అక్షరాలు మింగేసి. తాతా మనవళ్ళ అట్టలు ఒకే మేకుకి వేలాడేవి.

ఈ పిచ్చికి మూలం ఆమె బావగారు అన్న ఒక్క మాట. భర్త పోయిన నెలకే, ఆమె రెండేళ్ళ కొడుకు కుడికాలు ఎత్తి పట్టుకుని నలుగురికీ చూపించాడాయన. పిల్లాడి రెండో వేలూ మూడో వేలూ అతుక్కుని ఉన్నాయి.

"మా వంశంలో ఇలాంటి కాళ్ళు లేవు. వీడు మా తమ్ముడి కొడుకే కాదు" అన్నాడు. అనేసి, అన్నదమ్ముల ఉమ్మడి దుకాణంలోంచి తల్లీకొడుకుల్ని గెంటేశాడు.

నాయనమ్మ ఏడవలేదు. సరిగ్గా ఎదురుగా అగ్గిపెట్టెంత చెప్పుల కొట్టు తీసుకుని, రోజూ ఆయన కంట్లో నలుసులా కూర్చుంది. ఒక్కటే ఆమె బుర్రని తొలిచేది. ఆ ఇంట్లో కాపురం చేసిన ఐదేళ్ళలో బావగారి ఒట్టికాలు ఆమె చూడనే లేదు. జ్వరమొచ్చినా మేజోళ్ళతోనే పడుకునేవాడు.

చెప్పులకొచ్చిన డాక్టరు ఓసారి చెప్పాడు: "అతుకు వేళ్ళు వంశంలో వస్తాయమ్మా. ఒక్కోసారి ఒకరిలో దాక్కుని ఇంకొకరిలో తేలతాయి."

"దాక్కుంటాయా, మేజోళ్ళలో దాచుకుంటారా?" అంది నాయనమ్మ.

ముప్పై ఏళ్ళు గడిచాయి. బావగారికి షుగరొచ్చి కాళ్ళు వాచాయి. కొలత తీసి కుట్టిన చెప్పులే వేసుకోవాలన్నాడు డాక్టరు. ఆ వీధిలో కొలత తీసేది నాయనమ్మ ఒక్కతే.

"శనివారం పదింటికి రండి బావగారూ" అంది, తేనె పూసిన గొంతుతో. కొట్టు కిటకిటలాడేది అప్పుడే.

వచ్చాడు. అట్ట పరిచింది.

"మేజోళ్ళు విప్పండి."

"వీటి మీదే గియ్యమ్మా, పర్లేదు."

"మేజోడు కొలిస్తే చెప్పు మేజోడికే సరిపోతుంది. నాకు కాలు కావాలి."

విప్పక తప్పలేదు. కుడికాలి రెండో వేలూ మూడో వేలూ కవలల్లా అంటుకుని ఉన్నాయి.

"అచ్చం మీ అబ్బాయి కాలే!" అని అరిచాడు పక్క కొట్టు టైలరు.

"ఒరేయ్, ఇలా రా" అని కొడుకుని పిలిచింది నాయనమ్మ. "పెదనాన్న పక్కన నీ కాలు పెట్టు."

"ఇప్పుడెందుకే అమ్మా..."

"పెట్టరా!"

రెండు పాదాలూ ఒకే అట్ట మీద గీసింది. పెన్సిలు నాలుకకి తడిచేసుకుని, అందర్నీ అడిగే ప్రశ్నే అడిగింది. "ఈ వేళ్ళు అమ్మవా, నాన్నవా బావగారూ?"

"నాన్నవి" అని గొణిగాడు.

"వినపడలేదు. రాసుకోవాలి."

"మా నాన్నవి! మా వంశానివి!"

రాసుకుంది. ఈసారి ఒక్క అక్షరమూ మింగలేదు. ఆ అట్టని వీధివైపు మేకుకి తగిలించింది.

వారానికి చెప్పులు తయారయ్యాయి. వెన్నలాంటి తోలు, వంక పెట్టలేని కుట్టు. ముందు భాగం మాత్రం బార్లా తెరిచి ఉంది.

"కాస్త ముందు మూసెయ్యమ్మా" అని బతిమాలాడాయన.

"డాక్టరు చీటీ చూడండి. వేళ్ళకి ఏదీ ఒరుసుకోకూడదట, మేజోళ్ళు కూడా."

వీధి దాటి ఆయన తన దుకాణానికి చేరేదాకా రెండు వేళ్ళూ అందరికీ కనపడుతూనే ఉన్నాయి. ఆ రోజు నాయనమ్మకి బోలెడు తీరికుంది. ఆయన వెనక్కి తిరిగినప్పుడు, మొహం కూడా చూసింది.