అవుట్ అవ్వరా బాబూ!

ఆ రోజుల్లో నాకు రెండు విషయాల మీద గట్టి నమ్మకం ఉండేది. ఒకటి, ఉచితంగా పిజ్జా పెట్టేవాళ్ళు ఎప్పుడూ మంచివాళ్ళేనని. రెండోది, ఫుట్‌బాల్ అంటే కాలితో ఆడే ఆట అని. బర్మింగ్‌హామ్‌లో మాస్టర్స్‌కి చేరిన మొదటి వారంలోనే ఈ రెండు నమ్మకాలూ ఒకే బల్ల దగ్గర నన్ను నిలువునా ముంచాయి. యూనివర్సిటీ క్లబ్బులన్నీ వరసగా బల్లలేసుకుని కొత్త విద్యార్థులను పిలుస్తుంటే, నాకు "ఫుట్‌బాల్" అనే మాటా, దాని ముందు పిజ్జా డబ్బాలూ మాత్రమే కనిపించాయి. పైన "అమెరికన్" అని ఇంకో మాట కూడా ఉందట. దానికి డబ్బాలు అడ్డమొచ్చాయి. నా ఫ్లాట్‌లోనే ఉండే సిద్దిపేట కుర్రాడు కూడా నాలుగు ముక్కలు తినేసి, ఊరికే వెళ్ళిపోతే బాగుండదని నా పేరు కిందే తన పేరు రాశాడు. వాడు ఇంటర్ చదివేటప్పుడు జిల్లా జట్టులో కబడ్డీ ఆడాడు. ఆ సంగతి రోజుకోసారి గుర్తు చేసేవాడు కాబట్టి మేమంతా వాణ్ణి కబడ్డీ అనే పిలిచేవాళ్ళం.

తీరా మైదానానికి వెళ్తే, అది కోడిగుడ్డు ఆకారంలో ఉన్న బంతిని చేత్తో విసిరే ఆట. అవతలివాళ్ళ చివరి గీత దాటేదాకా దాన్ని మోసుకెళ్ళాలి. అంతలో అవతలివాళ్ళు మనమీద పడి మనల్ని కింద పడేస్తారు (ఇది తప్పు కాదు, వాళ్ళ పనే అది). కాకినాడ క్రికెట్‌లో బౌండరీ దగ్గర నిలబడి బంతి విసిరిన చెయ్యి కదా, నా విసురు కోచ్‌కి నచ్చింది. నన్ను రెండో క్వార్టర్‌బ్యాక్‌గా రాసుకున్నాడు. క్వార్టర్‌బ్యాక్ అంటే జట్టుకి బుర్ర. ఎవరికి విసరాలో, ఎప్పుడు విసరాలో, ఎప్పుడు విసరకుండా ఊరుకోవాలో మూడు సెకన్లలో తేల్చేయాలి. టిఫిన్ సెంటర్‌లో పెసరట్టు చెప్పాలా, దోసె చెప్పాలా అని పది నిమిషాలు ఆలోచించేవాణ్ణి ఈ ఉద్యోగంలో పెట్టడం ఆ కోచ్ చేసిన మొదటి పొరపాటు.

ఆ కోచ్ మామూలు రోజుల్లో సిటీ బస్సు నడిపేవాడు. మేమిద్దరం ఆయన్ని డ్రైవర్ అంకుల్ అని చెప్పుకునేవాళ్ళం. ఆయనకి టైమంటే ప్రాణం. "బంతి పట్టుకున్నవాడు పక్క గీత దాటి బయటికెళ్తే గడియారం ఆగుతుంది, లోపలే పడితే నడుస్తూనే ఉంటుంది. అందుకే సగం ఆట ముగిసే ముందు ప్రతి అడుగూ గడియారాన్ని అడిగి వెయ్యాలి" అని ప్రతి వారం చెప్పేవాడు. అలా ఆపుతూ నడుపుతూ చివరి రెండు నిమిషాలు ఆడేసరికి పావుగంట గడిచేది. "రెండు నిమిషాల్లో వస్తున్నా" అని ఫోన్‌లో చెప్పి పావుగంటకి బయల్దేరే వంశంలో పుట్టినవాణ్ణి కదా, ఈ లెక్క నాకు ఒక్కసారికే ఒంటబట్టింది. డ్రైవర్ అంకుల్ ఆశ్చర్యపోయాడు కూడా.

మా కెప్టెన్ వేల్స్ నుంచి వచ్చిన భారీ మనిషి. మా వైపు కొండబాబు అనే పేరు తరచుగా వినిపిస్తుంది. అది ఇతని కోసమే పుట్టినట్టుండేసరికి మేం అలాగే పిలిచేవాళ్ళం. వంగుని, కాళ్ళ సందులోంచి బంతిని నాకు అందించడం, తర్వాత నా మీదికొచ్చేవాళ్ళను ఆపడం అతని పని. కొండబాబు ఆ జట్టులో ఆడిన మూడేళ్ళలో మా జట్టు ఒక్క మ్యాచ్ కూడా గెలవలేదు. అతనికది ఆఖరి ఏడాది. నార్తాంప్టన్ వైపు నుంచి వచ్చిన జట్టుతో ఆఖరి మ్యాచ్. సరిగ్గా దానికి ముందురోజే అసలు క్వార్టర్‌బ్యాక్ తన ఫ్లాట్ తలుపు సందులో బొటనవేలు నలగ్గొట్టుకున్నాడు, ఇక ఆడాల్సింది నేనే. వార్త తెలిశాక కొండబాబు నా భుజం మీద చెయ్యేసి, "ఒక్కటి గెలిచి వెళ్తే చాలురా నాకు" అన్నాడు. ఆ మాట విన్నాక నాకు అన్నం సహించలేదు.

మ్యాచ్ రోజు సన్నగా వాన. మొదటి సగం చివరికి ఇరవై సెకన్లు మిగిలాయి. గడియారాన్ని ఆపమని అడిగే అవకాశాలు అప్పటికే వాడేసుకున్నాం. అవతలివాళ్ళ గీతకి పది గజాల దూరంలో, మైదానం అంచున పరుగెడుతున్న కబడ్డీకి బంతి విసిరాను. అందుకున్నాడు! ఒక్క అడుగు పక్కకేస్తే బయటపడతాడు, గడియారం ఆగుతుంది. "గెట్ అవుట్! గెట్ అవుట్!" అని డ్రైవర్ అంకుల్ గొంతు చించుకుంటున్నాడు. నేను కూడా "అవుట్ అవ్వరా బాబూ!" అని అరిచాను. మావాడు ఆ తెల్ల గీతను చూసి, నిప్పు తొక్కబోయినవాడిలా వెనక్కి గెంతి, మైదానం మధ్యకి తిరిగి, ముగ్గురిని ఈడ్చుకుంటూ రెండు గజాలు వెళ్ళి బోర్లా పడ్డాడు. గడియారం నడుస్తోంది. నేను వెంటనే అందరినీ వరసలో నిలబెట్టి బంతిని నేలకేసి కొట్టాలి, అప్పుడు ఆగుతుంది. కానీ అక్కడ స్కోరుబోర్డు లేదు, టైమంతా రెఫరీ చేతి గడియారంలోనే ఉంది. పెద్దాయనని మర్యాదగా అడగడం నా ధర్మం కదా. వెళ్ళి, "ఎక్స్‌క్యూజ్ మీ సర్, టైమెంత మిగిలింది సర్?" అన్నాను. "నాలుగు" అన్నాడు. "థాంక్యూ సో మచ్ సర్" అన్నాను. ఆ "సర్" పూర్తయ్యేలోపు ఈల వేసేశాడు.

విరామంలో అందరూ నారింజ ముక్కలు తింటుంటే నేను కబడ్డీ మీద విరుచుకుపడ్డాను.

"ఏరా, అవుట్ అవ్వమని మొత్తుకుంటుంటే లోపలికెళ్ళావేంట్రా?"

"ఏందిరా భయ్, గీత దాటితే అవుట్ గద! గంత మంది ముంగట అవుటైతనా?"

"ఈ ఆటలో అవుటైతేనే మంచిదిరా!"

"ఏ ఆటల అవుటైతే మంచిగుంటదిరా? నాకు నేర్పకు. జిల్లాకు ఆడిన నేను."

వాడి తప్పు లేదు. పదేళ్ళు గీత లోపల బతకడం నేర్చుకున్న కాళ్ళు, ఇంగ్లీషులో అరిచినంత మాత్రాన మాట వింటాయా? కొండబాబు మాకు దూరంగా, ఒక్కడే కూర్చుని బూటు లేసులు విప్పి మళ్ళీ కట్టుకుంటున్నాడు. అప్పుడు తట్టింది.

"ఒరేయ్, కూతకెళ్ళి అవతలివాణ్ణి ముట్టుకున్నాక ఏం చేస్తావు?"

"ఉరికొచ్చి నడిమి గీత ముట్టుకుంట."

"బంతి అందిందంటే అవతలివాణ్ణి ముట్టుకున్నట్టే. ఇక ఆ పక్క గీతే నీ నడిమి గీత. వాళ్ళు నిన్ను పట్టేలోపు దాన్ని ముట్టుకో."

వాడు కాసేపు ఆ గీతకేసి చూశాడు. "గట్ల జెప్పాలె గద ముందుగాల" అన్నాడు, నాదే తప్పన్నట్టు.

ఆ తర్వాత వాణ్ణి చూడాలి! బంతి అందగానే పాములా జారి, ఒంటిచెయ్యి చాచి గీత మీదికి దూకేవాడు. హెల్మెట్ లోపల కూత కూడా పెట్టేవాడు. "అతను ప్రార్థన చేస్తున్నాడా?" అని రెఫరీ అడిగితే, "అవును సర్" అన్నాను (అంతకన్నా వివరించే టైము లేదు). చివరి నిమిషానికి మేం నాలుగు పాయింట్లు వెనక. గీత దాటితే ఆరు వస్తాయి. మూడుసార్లు కబడ్డీకే విసిరాను, మూడుసార్లూ గీత ముట్టి గడియారాన్ని ఆపాడు. నాలుగోసారి వాడికి బంతి అందేసరికి ఎదురుగా పురుగు లేదు. ఇంకో రెండు గజాలు తిన్నగా పరుగెడితే గెలుపే. వాడు చటుక్కున కుడికి తిరిగి, పక్క గీత మీద పడి, "ముట్టిన!" అని పెద్దగా కేకేశాడు.

డ్రైవర్ అంకుల్ టోపీ తీసి తడి గడ్డిలో చతికిలబడ్డాడు. ఈసారి నేనేమీ అడగలేదు. రెఫరీయే నా వైపు తిరిగి ఒక్క వేలు చూపించాడు. ఒక్క సెకను. ఒకే ఒక్క ప్రయత్నం.

కబడ్డీకే విసరమని అంచునుంచి డ్రైవర్ అంకుల్ సైగ చేశాడు. కానీ అవతలి జట్టులో సగం మంది అప్పటికే వాడి చుట్టూ మూగారు, పొద్దుటినుంచీ నేను చేసింది అదే కదా. ముందు వంగుని ఉన్న కొండబాబు, కాళ్ళ సందులోంచి తలకిందులుగా నావైపు చూసి, మెల్లగా "నా వెనకే రా" అన్నాడు. జీవితంలో మొదటిసారి నేను ఆలోచించకుండా ఒక నిర్ణయం తీసుకున్నాను. బంతి అందగానే దాన్ని పొట్టకి అదుముకుని, కళ్ళు మూసుకుని, అతని వీపుకి అంటుకుని పరుగెత్తాను. అతను ముగ్గురిని తోసుకుంటూ పోయాడు. నేను అతని కాలు తట్టుకుని పడ్డాను. ఆ పడడం గీత అవతల పడ్డాను. నామీద మనుషుల మీద మనుషులు. ఈల వినిపించింది. తర్వాత కొండబాబు అరుపు. అది ఏ భాషో ఇప్పటికీ తెలీదు.

లేచి చూసేసరికి అంత మనిషీ బురదలో కూర్చుని వెక్కి వెక్కి ఏడుస్తున్నాడు. "మూడేళ్ళు" అంటాడు, మళ్ళీ ఏడుస్తాడు. కబడ్డీ వెళ్ళి అతని మెడను పట్టుకుని, "ఏడ్వకన్నా, గెలిచినం గదనే" అని సిద్దిపేట తెలుగులో ఓదార్చాడు. అతను అన్నీ అర్థమైనట్టు తలూపాడు. నాకూ ఏడుపొచ్చింది, దాన్ని వాన మీదికి తోసేశాను.

ఇప్పుడు బేసింగ్‌స్టోక్‌లో ఇన్సూరెన్స్ ఆఫీసు, కారు, అమ్మాయి స్కూలు, వీటి మధ్య తిరుగుతున్నాను. వారం ముందే కాలెండర్‌లో పెట్టుకోకపోతే జుట్టు కత్తిరించుకోవడానికి కూడా వెళ్ళను. ఆ రోజు డ్రైవర్ అంకుల్ భార్య తీసిన ఫోటో ఒకటి నా ఫోన్‌లో ఉంది. మొన్న ఆదివారం దాన్ని మా అమ్మాయికి చూపించి, నేను గెలిపించిన మ్యాచ్ అని కాస్త గొప్పలు పోయాను. అది ఫోటోని వేళ్ళతో పెద్దది చేసి, అటూ ఇటూ జరిపి, "బట్ వేర్ ఆర్ యూ, నాన్నా?" అంది. నిజమే, అందులో ఒక మనుషుల గుట్టా, దాని అడుగునుంచి బయటికొచ్చిన ఒక బురద బూటూ తప్ప ఏమీ కనపడవు. "అదే నేను" అని ఆ బూటు చూపించాను. అది పడీ పడీ నవ్వింది. నేనూ నవ్వాను. కానీ ఆ బూటు మీదినుంచి వేలు తియ్యబుద్ధి కాలేదు. అంతమంది బరువు మీద పడినా, ఇంకాసేపు ఇలాగే ఉంటే బాగుండునని ఆ బూటులోని కుర్రాడు అనుకున్నాడు మరి.