ముళ్ళు విరగని శంఖం

మా చిన్నప్పుడు ముళ్ళ శంఖమంటే మా పేటలో అందరికీ ఒళ్ళుమంట... దువ్వెన పళ్ళలా ఒంటినిండా సన్నటి ముళ్ళు. వలలో పడిందంటే దారాలన్నీ దానికే చుట్టుకునేవి. మగాళ్ళు తిట్టుకుంటూ రాయి తీసి చితక్కొట్టి, ముక్కలు దులిపేసేవారు. వల బాగుంటే చాలు కదా...

అమ్మమ్మ మాత్రం కొట్టనిచ్చేది కాదు. వలను ఒళ్ళో వేసుకుని, ఒక్కో వలకన్నూ తప్పిస్తూ, ఒక్క ముల్లూ విరగకుండా తీసేది. మేం పిల్లలం చుట్టూ చేరి నోరు తెరుచుకుని చూసేవాళ్ళం.

ఆ పని ఆవిడకు చిన్నపిల్లగా ఉన్నప్పుడే అలవాటైందట. గవ్వలూ శంఖాలూ పోగుచేసే తెల్లదొర ఒకాయన అప్పట్లో మా ఒడ్డుకు వచ్చేవాడట. విరిగినవి ఇస్తే విసిరేసేవాడట. విరక్కుండా తీసే ఓపిక ఇంకెవరికుంది? ముళ్ళ శంఖం పడితే అందరూ అమ్మమ్మనే కేకేసేవారట.

ఆ దొర పోగేసినవన్నీ టౌనులో ఓ చిన్న మ్యూజియంలో ఉన్నాయి. నేను ఐదో తరగతిలో ఉండగా ఆసుపత్రి పనిమీద వెళ్ళి, అమ్మమ్మా నేనూ అందులోకి అడుగుపెట్టాం. అద్దాల పెట్టెలో... అదే ముళ్ళ శంఖం! కింద చీటీ మీద మా పేట పేరు కూడా ఉంది.

అమ్మమ్మ ముఖం వెలిగిపోయింది. "ఒసే, ఆ సీటీలో ఏటి రాసున్నాదో సదువు."

చదివాను. దొరగారు మా పేట తీరాన స్వయంగా ఏరినది... అని ఉంది.

"ఏరినాడా? ఒడ్డున ఏరితే ముళ్ళుంటాయేటి? కెరటం ఇరిసేస్తాది కదా! ఇది వలలోంచి నాను తీసినాను!" అంది అమ్మమ్మ గట్టిగా.

కాపలా మనిషి వచ్చాడు. "సదువు రానోళ్ళకి ఏటి తెలుస్తాది మామ్మా? పద, పద."

అమ్మమ్మ కదల్లేదు. "నాకు అచ్చరాలు రావు బాబూ. శంకం తెలుసు. ఆ సీటీ రాసినోడికి వల తెలీదు."

అందరూ మావైపే చూస్తున్నారు. నాకు సిగ్గేసింది. కొంగు పట్టుకుని అమ్మమ్మను బయటికి లాక్కొచ్చేశాను. తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే కోపం. ఆవిడ వైపు చదువు వచ్చినదాన్ని నేనొక్కదాన్నే... నోరు విప్పలేదు.

పోయినేడు మళ్ళీ వెళ్ళాను. కొత్త అద్దాలు, కొత్త లైట్లు. చీటీ కూడా కొత్తదే, మాట మాత్రం పాతదే. అక్కడి ఆఫీసరుగారిని కలిసి మార్చమని అడిగాను. "రికార్డు ఏదైనా ఉందా మేడమ్?" అన్నారు.

మర్నాడు మా పేట నుంచి ముళ్ళ శంఖం చిక్కుకున్న వల ముక్క తీసుకెళ్ళి, అలాగే ఆయన బల్లమీద పెట్టాను. నీళ్ళు కారుతూ, నీచువాసన కొడుతూ... "ఒక్క ముల్లూ విరగకుండా తీయండి సార్. తీస్తే ఇంక మీ జోలికి రాను" అన్నాను.

పాపం, పావుగంట తంటాలు పడ్డారు. ఏడు ముళ్ళు విరిగాయి. వల కూడా తెగింది.

"పైకి రాస్తానమ్మా" అన్నారు చివరికి, చేతులు తుడుచుకుంటూ.

రాశారో లేదో... చీటీ మాత్రం మారలేదు. నేనూ మారలేదు. సెలవు దొరికిన ఆదివారమల్లా వెళ్ళి ఆ పెట్టె పక్కనే నిలబడుతున్నాను. వచ్చిన ప్రతి పిల్లకీ, పిల్లాడికీ అసలు సంగతి చెబుతున్నాను. బయటికి పంపాలనుకుంటే పంపుకోమనండి, మళ్ళీ టికెట్ కొనుక్కుని వస్తాను.

ఇప్పుడు మా పేటలో వల ఒళ్ళో వేసుకుని కూర్చునేవాళ్ళు లేరు. అన్నీ నైలాన్ వలలు... శంఖం పడితే రాయి దెబ్బే. అమ్మమ్మ కూడా లేదు.

మ్యూజియం రాయకపోతే నేను రాస్తాను. ఆ శంఖాన్ని వలలోంచి తీసింది నూకాలమ్మ.

మీ ఇళ్ళల్లోనూ ఉండే ఉంటారు... పని వాళ్ళదీ, పేరు ఇంకొకరిదీ అయినవాళ్ళు. కింద రాయండి. అమ్మమ్మ, నాయనమ్మ అని కాదు... పేరు పెట్టి రాయండి.