టోనరు వేడెక్కేదాకా

జిరాక్సు మేడమ్ అంటే ఆ స్కూల్లో చదివినవాళ్ళకే కాదు, వాళ్ళను కన్నవాళ్ళకు కూడా తెలుసు. పన్నెండో తరగతి అయిన పిల్లల్ని కూర్చోబెట్టి, ఎవరు ఏ కాలేజీలో ఏం చదవాలో మాట్లాడి, ఆప్షన్ల జాబితా నింపించడం ఆవిడ ఉద్యోగం. మెట్ల కింద గదిలో ఇరవై ఎనిమిదేళ్ళు అదే పని చేసింది. ఆ గదిలో ఒక బల్ల, నాలుగు కుర్చీలు, తలుపు సరిగా పడని బీరువా, మూలన నీలం గుడ్డ కప్పిన జిరాక్సు మిషను. మిషను మీద "పాడైంది" అని ఒక అట్టముక్క.

అసలు సంగతేమిటంటే, ఆ మిషను ఒక్కరోజు కూడా పాడు కాలేదు.

అది మేడమ్ పని పద్ధతి. తండ్రి పక్కనుండగా నీకేం ఇష్టం అని అడిగితే, పిల్లలు తండ్రి మొహం చూసి జవాబు చెబుతారు. పోనీ పెద్దవాళ్ళను కాసేపు బయటికి వెళ్ళమంటే మొహాలు మాడ్చుకుంటారు. అందుకని ఆవిడ ఎవరినీ వెళ్ళమనేది కాదు. మార్కుల కాగితాలు వాళ్ళ చేతిలో పెట్టి, మిషను పాడైందండీ, వీధి చివర షాపులో రెండేసి కాపీలు తీసుకురాగలరా అని ఎంతో నొచ్చుకుంటూ అడిగేది. పిల్ల భవిష్యత్తు అంటే పరుగెత్తని తండ్రి ఉంటాడా? అక్కడ షాపతను మేడమ్ మనిషే. కాగితాలు అందుకుని, టోనరు వేడెక్కాలి, ఇరవై నిమిషాలు పడుతుందని చెప్పి బెంచీ చూపించేవాడు. ఆ మాట నేర్పింది మేడమే. టోనరంటే ఉత్త సిరాపొడి, అది వేడెక్కడమేమిటని ఇన్నేళ్ళలో అడిగిన మగాడు లేడు. ఆ ఇరవై నిమిషాల్లో ఇక్కడ పిల్ల నోరు విప్పేది, జాబితా తలకిందులయ్యేది. తిరిగొచ్చిన తండ్రిని ఒప్పించడం మేడమ్‌కు వెన్నతో పెట్టిన విద్య.

ఒకసారి ఒక మెకానిక్ తండ్రి విసిగిపోయి, పనిముట్ల పెట్టె మోసుకొచ్చి మిషను విప్పబోయాడు. మీరు ముట్టుకుంటే గ్యారంటీ పోతుందండీ అంది మేడమ్, కనురెప్ప కూడా కదపకుండా. పదిహేడేళ్ళ మిషనుకు గ్యారంటీ ఏమిటన్నది పాపం ఆయనకు ఇంటికెళ్ళాక తట్టి ఉంటుంది.

ఆ వేళ మేడమ్ ఉద్యోగానికి ఆఖరి రోజు. సాయంత్రం అయిదింటికి సన్మానసభ. ఆవిడ కుర్చీలోకి రాబోయేది ఆవిడ దగ్గరే ఆప్షన్లు నింపిన పాత విద్యార్థిని. ఆమెను అందరూ చిన్న మేడమ్ అంటారు. ఆమె తండ్రి కూడా ఒకప్పుడు షాపు బెంచీ మీద కూర్చున్నవాడే. సభలో చదవాల్సిన ప్రసంగం రాసింది చిన్న మేడమే. మధ్యాహ్నం అందులోంచి ఒక వాక్యం చదివి వినిపించింది. "మా మేడమ్ తన ఇష్టాన్ని ఏ పిల్ల మీదా రుద్దలేదు." మేడమ్ బాగుందంది. కళ్ళు కూడా తుడుచుకుంది.

మూడింటికి మేడమ్ కూతురి కూతురు వచ్చింది. ఆ పిల్ల ఆప్షన్లు ఆ రోజే నాలుగింటిలోపు ఫ్రీజ్ చెయ్యాలి. ఒకసారి ఫ్రీజ్ అయ్యాక మార్చడం ఎవరి తరమూ కాదు. కూతురు తనకు సెలవు దొరకక ఆ బాధ్యత తల్లికి అప్పజెప్పింది. మేడమ్ బ్యాగులోంచి నాలుగు మడతల కాగితం తీసి చిన్న మేడమ్ ముందు పరిచింది. తన చేతిరాతతోనే, ఒకటి నుంచి పన్నెండు దాకా, అన్నీ లా కాలేజీలే. ఇది మాటల్లో ఎవరికీ దొరకదు, దీని నోటికి లాయరు పనే సరైందని వివరించింది.

మాటల్లో ఎవరికీ దొరకని ఆ మనవరాలు అప్పుడు గోళ్ళు చూసుకుంటూ కూర్చుంది. జీన్సు జేబులు రాళ్ళతో బరువుగా వేలాడుతున్నాయి. ఎక్కడికెళ్ళినా ఏదో ఒక రాయి ఏరుకొస్తుంది. వాషింగ్ మెషీన్లో అవి గలగలమన్నప్పుడల్లా ఇంట్లో గొడవే. భూగర్భశాస్త్రం చదువుతానని ఒకసారి అనబోతే, రాళ్ళు ఏరుకోవడానికి డిగ్రీ ఎందుకే అని అమ్మమ్మ నవ్వేసింది. పిల్ల మళ్ళీ ఆ ఊసెత్తలేదు గనక మర్చిపోయిందనుకుంది.

చిన్న మేడమ్ జాబితా చూసింది, పిల్లను చూసింది. నీకూ ఇదే ఇష్టమా అని అడిగితే, పిల్ల అమ్మమ్మ మొహం చూసి ఊఁ అంది.

చిన్న మేడమ్ మార్కుల కాగితాలు తీసి, ఎంతో నొచ్చుకుంటూ, "మిషను పాడైంది కదా మేడమ్. వీధి చివర రెండేసి కాపీలు తీసుకొస్తారా?" అంది.

మేడమ్ వెంటనే లేచింది. ఇరవై ఎనిమిదేళ్ళుగా తన నోటితో తానే చెప్పిన మాట, నమ్మకుండా ఎలా ఉంటుంది? గేటు దాటి, టైలరు కొట్టూ మందుల షాపూ దాటి, కాగితాలు షాపతని చేతిలో పెట్టి త్వరగా కానిమ్మంది. అతను అప్పుడే ఫోను కింద పెట్టాడు. ఆవిడ కళ్ళలోకి మాత్రం చూడలేదు.

"టోనరు వేడెక్కాలి మేడమ్. ఇరవై నిమిషాలు."

సరేనని బెంచీ మీద కూర్చుంది. చెమట తుడుచుకుంటూ ఉండగా బుర్రలో వెలిగింది.

చర్రున లేచింది. ఎవరి దగ్గర నేర్చుకుని ఎవరి మీద ప్రయోగం! టైము మూడూ ఇరవై. స్కూలు అయిదు నిమిషాల నడక. వెళ్ళి, నా మనవరాలి సంగతి నాకు తెలీదా అని ఇద్దరినీ కడిగెయ్యొచ్చు. రెండడుగులు వేసింది కూడా. కానీ తను వెళితే పిల్ల మళ్ళీ తన మొహం చూస్తుంది. మళ్ళీ ఊఁ అంటుంది. అలాంటి ఊఁ ఆవిడ ఎన్ని వందలసార్లు విందో. పరాయి పిల్లల గొంతులో ఇట్టే పట్టుకున్నది, సొంత పిల్ల గొంతులో పట్టుకోలేకపోయింది. మేడమ్‌కు సిగ్గేసింది. ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

షాపతను కాగితాలు చేత్తో పట్టుకుని, "అయిపోవచ్చింది. ఇచ్చెయ్యమంటారా మేడమ్?" అన్నాడు భయంభయంగా.

సాయంత్రం సభలో అందరి ముందూ, ఏ పిల్ల మీదా రుద్దలేదన్న ఆ వాక్యం చదువుతారు. మేడమ్ వెనక్కొచ్చి బెంచీ మీద కూర్చుంది. దానికి ఒక కాలు పొట్టి అని ఇన్నేళ్ళకు తెలిసింది. ఇంతమంది తండ్రులు ఎలా కూర్చున్నారో పాపం. అది ఊగకుండా సర్దుకుని, చెప్పులు విడిచి, కాళ్ళు బారచాపింది.

"నాలుగింటి దాకా వేడెక్కనీ," అంది.