చిన్నమ్మ మొక్కిన బోనం

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఒకేసారి ఇద్దరు పుట్టారు. ఇంకేముంది, హుస్సేనీ ఆలంలో మా గల్లీ గల్లీ అంతా చూడటానికి కదిలొచ్చింది! మా చిన్నాయన భార్యను మేం చిన్నమ్మ అనేవాళ్ళం. సన్నగా, గట్టిగా గాలి వీస్తే పడిపోతుందేమో అన్నట్టుండే మనిషి. ఆ కడుపులో ఇద్దరు ఎలా పట్టారా అని నాకు ఒకటే ఆశ్చర్యం. బడి నుంచి పరుగెత్తుకొచ్చి, కాళ్ళు కడుక్కోమని నానమ్మ అరుస్తున్నా వినకుండా, ఇద్దరిలో ఎవరు మేలుకుని ఉంటే వాళ్ళ పక్కన చేరిపోయేదాన్ని.

పిల్లలు పెరుగుతున్నారు, చిన్నమ్మ కడుపు మాత్రం తగ్గడం లేదు. మామూలుగా బాలింత కడుపు కొన్నాళ్ళకు సర్దుకుంటుందట. ఈమెకు అలా కాలేదు. మంచం మీద నుంచి లేవబోతే చాలు, బొడ్డుకు పైనా కిందా నడిమధ్యన ఒక గట్టు ఉబ్బి పైకి లేచేది. మొదటిసారి చూసినప్పుడు నేను బెదిరిపోయి అమ్మ వెనక దాక్కున్నాను. నడుం నొప్పి సరేసరి. గోరుచుట్టు మీద రోకటిపోటులా, వచ్చేపోయే ఆడవాళ్ళు "మళ్ల నీళ్లు పోసుకున్నవా ఏందే?" అని అడిగేవాళ్ళు. చిన్నమ్మ కొంగు కప్పుకునేది.

ఆమె బాధ అందం గురించి కాదు, మొక్కు గురించి. నెలలు నిండకముందే నొప్పులొచ్చి ఆస్పత్రిలో చేరిన రోజున, ఇద్దరూ క్షేమంగా బయటపడితే వచ్చే ఆషాఢంలో బోనం తన తలమీదే మోసుకొస్తానని అమ్మవారికి మొక్కుకుంది. ఇద్దరూ బయటపడ్డారు. ఆషాఢానికి ఇక కొన్ని నెలలే మిగిలాయి. బిందెడు నీళ్ళు ఎత్తితేనే కడుపు చీలినట్టవుతోంది, ఇక బోనం ఎలా? ఆమె బదులు మా అమ్మ మోస్తుందని నానమ్మ నచ్చజెప్పబోయింది. "కడుపుల మోసింది నేను, నెత్తి మీద గూడ నేనే మోస్త" అని చిన్నమ్మ ఏడ్చేసింది.

మొదట నానమ్మ వైద్యం నడిచింది. తన పాత నూలు చీరతో చిన్నమ్మకు నడికట్టు కట్టింది. ఎంత బిగించి కట్టిందంటే, పాపం, చిన్నమ్మ అన్నం నాలుగు ముద్దలు కూడా తినలేకపోయేది. ఆ తర్వాత మా చిన్నాయన రంగంలోకి దిగాడు. పగలంతా ఉస్మాన్‌గంజ్‌లో మా నాన్నతో కలిసి బెల్లం, చింతపండు టోకున అమ్మేవాడు. సాయంత్రమైతే కుస్తీ నేర్పే తాలీంలో ఉండేవాడు. ఆయన దృష్టిలో ఏ రోగానికైనా ఒకటే మందు, కసరత్తు. నాకు జలుబు చేస్తే గుంజీళ్ళు తీయించిన ఘనుడు! చిన్నమ్మను మిద్దె మీద చాప పరిచి పడుకోబెట్టి, చేతులు నేలకు ఆనించకుండా లేవమనేవాడు.

"పండుకో, లెవ్వు. పండుకో, లెవ్వు. నెల తిరగంగనే కడుపు పలక లెక్క అయితది సూడు" అనేవాడు.

మొక్కు కోసం చిన్నమ్మ పళ్ళు బిగించి చేసింది. లేచినప్పుడల్లా ఆ గట్టు ఇంకా పెద్దదయింది. ఒకరోజు సగంలోనే కూలబడిపోయి, రెండు చేతులతో కడుపు అదిమి పట్టుకుంది. మొహం తెల్లగా పాలిపోయింది. నానమ్మ కొడుకును నోటికొచ్చినట్టు తిట్టి, మర్నాడే కోడల్ని డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళింది. పిల్లల సంచి పట్టుకోవాలని నేనూ వెంటపడ్డాను.

ఆ డాక్టరమ్మ కోస్తా వైపు నుంచి వచ్చిన మనిషి, మాట మెత్తన. చిన్నమ్మను మోకాళ్ళు మడిచి వెల్లకిలా పడుకోమని, తల కొంచెం పైకెత్తమంది. బొడ్డు పక్కన వేళ్ళు ఆనించింది. ఆ వేళ్ళు లోపలికి దిగిపోవడం నేను కళ్ళారా చూశాను. "కడుపు ముందు రెండు కండరాలు తలుపు రెక్కల్లా ఉంటాయమ్మా. ఇద్దరికి చోటు కావాలి కదా, అవి పక్కకు జరిగాయి. తలుపు విరగలేదు, తెరుచుకుంది అంతే" అంది. ఆ మాటకు చిన్నమ్మ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అప్పటిదాకా తన లోపల ఏదో తెగిపోయిందనే అనుకుంటోంది ఆమె.

బిగించిన కట్టు వద్దు, బరువులు వద్దు, మా చిన్నాయన కసరత్తులు అసలే వద్దు అంది డాక్టరమ్మ. లేవాలంటే ముందు పక్కకు తిరిగి, చేతి మీద ఆనుకుని లేవాలి. దగ్గు వస్తే కడుపును చేతులతో పట్టుకోవాలి. పడుకుని ఊపిరి నిండా తీసుకుని, దీపం ఊదినట్టు నెమ్మదిగా వదులుతూ బొడ్డును వీపు వైపుకు లాగాలి. రోజూ చేస్తే నెలల మీద గట్టిపడుతుందట.

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం మా చిన్నాయన. "ఊపిరి ఇడుసుడు గూడ కసరత్తేనా?" అని ఇల్లంతా వినపడేలా నవ్వాడు. ఆ నవ్వుతో చిన్నమ్మకు కూడా నమ్మకం పోయింది. తలుపు వేసుకుని ఒక్కతే చేసేది, మధ్యలో మానేసేది. ఎవరైనా లోపలికొస్తే చప్పున లేచి కూర్చునేది.

అప్పుడు నానమ్మ వేసిన ఎత్తు తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది. ఒక మధ్యాహ్నం, అందరూ భోజనానికి వచ్చిన వేళ, హాల్లో వరసగా చాపలు పరిచి పందెం అంది. అందరూ వెల్లకిలా పడుకోవాలి. కడుపు మీద ఇత్తడి గ్లాసు పెట్టుకోవాలి. ఊపిరి వదులుతూ గ్లాసును అందరికంటే నెమ్మదిగా కిందికి దించినవాళ్ళకు కోవా బిళ్ళ! నేను ఎగిరి గంతేసి ముందు పడుకున్నాను. నాన్న, అమ్మ, ఆఖరికి నానమ్మ కూడా నడుం వాల్చారు. చిన్నాయన మీసం దువ్వుకుంటూ వచ్చాడు. పైల్వాన్ కదా, ఊపిరి బిగబట్టడమే తెలుసు, వదలడం తెలియదు. మొహం ఎర్రగా చేసుకుని ఒక్కసారిగా వదిలేసరికి గ్లాసు ఖంగుమని బండల మీద దొర్లింది.

"ఏంది పైల్వాన్, గ్లాసు గూడ ఆగుతలేదా నీకాడ?" అంది నానమ్మ.

మేం పడీ పడీ నవ్వాం. చిన్నమ్మ రెండు చేతులతో కడుపు పట్టుకుని మరీ నవ్వింది. ఆ రోజు గెలిచింది ఆమే. ఇక రోజూ అదే ఆట. చాపలు పరిచే పని నాదే, పందెం అంటే నా కాళ్ళు నేల మీద నిలిచేవి కావు. చిన్నాయన పంతం పట్టి నేర్చుకున్నాడు. గల్లీ కుళాయి నుంచి ఇంటికి నీళ్ళ బిందెలన్నీ ఆయనే మోసిపెట్టాడు కూడా. నెలలు గడిచేసరికి చిన్నమ్మ లేస్తుంటే ఆ గట్టు కనిపించడం తగ్గింది. డాక్టరమ్మ మళ్ళీ వేళ్ళు పెట్టి చూసి, కండరాల మధ్య సందు పూర్తిగా మూసుకోలేదు కానీ అడుగు గట్టిపడిందని చెప్పింది. చిన్న కుండైతే తలమీద మోయొచ్చు, వంగి కింది నుంచి మాత్రం ఎత్తొద్దంది.

బోనాల రోజు రానే వచ్చింది! గల్లీ మొదట్లో డప్పులు మోగుతుంటే నా గుండె కూడా వాటితో పాటే కొట్టుకుంది. చిన్నమ్మ తలంటుకుని పసుపుపచ్చ చీర కట్టుకుంది. బెల్లపన్నం వండిన కుండకు పసుపు పూసి, వేపమండలు కట్టి, పైన దీపం పెట్టి వాకిట్లో ముగ్గులో ఉంచారు. మేం ఖాలా అని పిలిచే పక్కింటి పిన్ని కవలల్ని ఇద్దరినీ చంకనేసుకుని గుమ్మంలో నిలబడింది. చిన్నమ్మ కుండ దగ్గరికి వెళ్ళి వంగబోయింది. ఇంకొకరి చెయ్యి తగిలితే మొక్కు చెల్లదని ఆమె మనసులో పడిపోయింది. గల్లీ అంతా చూస్తోంది. నేను నానమ్మ కొంగు పట్టుకుని లాగాను.

"ఆగు బిడ్డా" అంది నానమ్మ. "ఎవ్వరి బోనం ఆళ్ళే ఎత్తుకుంటరా? నా బోనం మీ మామ ఎత్తేటోడు. ఆయన పోయినంక నా పెద్దకోడలు ఎత్తింది. మోసేది నీ మొక్కు. ఎత్తుడు ఇంటోళ్ళ పని."

చిన్నమ్మ నిటారుగా నిలబడింది. ఒక పక్క మా అమ్మ, ఒక పక్క చిన్నాయన వంగి కుండను పైకెత్తి ఆమె తలమీద కుదురుగా పెట్టారు. ఆమె మెల్లగా ఊపిరి వదిలి అడుగేసింది. దీపం ఆరలేదు! డప్పుల వెంట, వేపమండ ఊపుతూ, నేను గుడిదాకా గెంతుతూనే వెళ్ళాను. అమ్మవారి ముందు కుండ దించాక చిన్నమ్మ మా అందరినీ చూసి నవ్విన నవ్వు ఇంకా నా కళ్ళ ముందే ఉంది.

మొన్న మా ఇంటి వెనక గల్లీలో ఒక చిన్నది, కవలల్ని కన్న తల్లి, గ్యాసు బండ ముందు వంగి ఒంటరిగా తంటాలు పడుతోంది. "నేనే చేసుకుంట అమ్మమ్మా, ఫికర్ చెయ్యకు" అంది. నాకు ఎక్కడలేని హుషారొచ్చింది. వద్దన్నా వినకుండా గల్లీ దద్దరిల్లేలా నలుగురినీ కేకేశాను. నా ఇంట్లో నా బరువులకైనా అంతే, అరవై దాటినా పిలవడానికి నాకు సిగ్గు లేదు. మోసే వంతు నాదైనప్పుడు మోస్తాను. ఎత్తడానికి మాత్రం నా మనుషులు రావాల్సిందే.