అక్క ఇప్పచెట్టు కింద నేను పెట్టిన మంట

ఇవాళ ఉప్పు కోసం బీజాపూర్ సంతకు పోదామని జీపెక్కి ముందు సీట్లో కూర్చున్నాను. ఎవరో ఆఫీసు సాబ్ రాగానే డ్రైవరు నన్ను వెనక్కి పొమ్మన్నాడు. ముందొచ్చిన వాణ్ణి, ముసలివాణ్ణి, నేనెందుకు పోవాలి? దిగిపోయి, ఎండలో నడిచి ఇల్లు చేరాను. "జీపుల సీటు పోయింది సరే, ఉప్పేదయ్యా?" అంది నా భార్య. అప్పటినుంచి వాకిట్లో తిరుగుతూనే ఉన్నాను. కూర్చుంటే ఒళ్లు మండుతోంది, నిలబడితే మోకాళ్లు గుంజుతున్నాయి. డ్రైవరు మీద ఫిర్యాదు రాద్దామని కాగితం తీశానో లేదో, అక్క గుర్తొచ్చింది.

భర్త పోయి పుట్టింటికొచ్చిన అక్కకు మా నాన్న పొలం గట్టు మీది ఇప్పచెట్టు ఇచ్చాడు. పువ్వు ఎండబెట్టి అమ్మేది, గింజల నూనె తీసేది. ఒకరి గిన్నెలో చెయ్యి పెట్టకుండా ఆ ఒక్క చెట్టు మీదే బతికింది. నేనేమో సంతలో బెల్లం చుట్టిచ్చిన పేపరు ముక్కల మీద అక్షరాలు నేర్చుకుని, ఊళ్లో నాకంటే తెలిసినవాడు లేడనుకునే రకం. అలాంటివాడికి కోపం ముక్కు మీదే ఉంటుంది మరి.

ఒకసారి పూత కాలంలో అక్కకు జ్వరమొస్తే పువ్వు ఏరడానికి నేను పోయాను. అప్పటికే పక్కింటి వదిన మేకలు మేసేశాయి. పోయింది ఎంత? ఒక్క గంపెడు. నేను వదినను, మేకలను, మేకలు పుట్టించిన దేవుణ్ణి కూడా తిట్టాను. మిగిలిన నాలుగు పువ్వులూ ఎండుటాకుల్లో కలిసిపోయి కనబడవు. రాలిన పువ్వు కనబడాలని ఆకులు కాల్చడం మా దగ్గర మామూలే. కానీ ముందు ఆకులను మొదలుకు దూరంగా ఊడ్చాలి. పసిపిల్లలకూ తెలిసిన పని. కోపంలో ఊడ్చేదెవరు? అగ్గిపుల్ల గీసి పడేశాను. మొదలు తొర్రలోని ఆకులంటుకుని, బెరడు కాలి, మంట కొమ్మలకెక్కింది.

అక్క జ్వరంతోనే నీళ్లకుండ ఎత్తుకొచ్చింది. మంట ఆరాక కాలిన బెరడు మీద చెయ్యి పెట్టి అంది: "ఏందిర తమ్మీ, మేకలు పువ్వే తిన్నయి. నువ్వు చెట్టునే తింటివి గద!"

అక్కే బంకమట్టీ పేడా కలిపి ఆ మానుకు మెత్తింది. మరుసటేడు చెట్టు పూయలేదు, ఆ పైయేడూ లేదు. పూత కాలంలో రోజూ తెల్లారకముందే నా చెట్ల పువ్వు తీసుకెళ్లి ఆమె గంపలో పోసేవాణ్ణి. వద్దనలేదు, మంచిదనీ అనలేదు. ఒకరి చేతి కోసం ఎదురుచూడని మనిషిని అలా నా గంప కోసం కూర్చోబెట్టాను. తిట్టినా బాగుండేది.

మూడో ఏడు ఒక పక్క కొమ్మ పూసింది. ఆ పొద్దు నా గంప చూసి నవ్వింది. "ఇగ నీ పువ్వు నువ్వే తీస్కపో. నాది నాకొచ్చింది."

అక్క పోయి చాలాకాలమైంది. ఆ చెట్టు కోలుకోవడానికి మూడేళ్లు పట్టింది. నాకు మాత్రం ఆ మంట పెట్టిన పొద్దు ఇంకా గడవలేదు.